విరగని కాలికి సిమెంటు కట్టు

ఓవెన్స్‌బరో, కెంటకీ
ఏప్రిల్ 11, 1976

మామయ్యకు,

నీ తుంటి ఎలా ఉంది? చర్చి మెట్లు ఎక్కడం మానేసి కిందే కుర్చీ వేసుకుని పాటలు వింటున్నావని అమ్మ రాసింది. తుంటి నొప్పి వట్టి సాకని ఆవిడ అనుమానం.

ఇక్కడ అంతా బాగుంది. జనవరిలో నేను వచ్చినప్పుడు కుస్తీ పోస్టరులో నా పేరు అడుగున, ఎరువుల కొట్టు ప్రకటన పక్కన ఉండేది. ఇప్పుడు పైనుంచి రెండోది. శనివారం పొద్దున టీవీలో ప్రతివారం ఎవరో ఒకణ్ణి నాకు అప్పగిస్తున్నారు. మొదట్లో ఊరూ పేరూ లేనివాళ్ళు, ఇప్పుడు పాతకాపులు. పోయినవారం బిగ్ ఏమస్ అంతటివాడు నా కింద పడుకుని, రెఫరీ మూడు లెక్కపెట్టేదాకా కదల్లేదు. తర్వాత గదిలో నా భుజం తట్టి, "నిన్ను నెత్తికెత్తుకున్నారురా అబ్బాయ్. దింపేటప్పుడు మెత్తగా దింపరు, చూసుకో" అన్నాడు. అసూయ అనుకున్నాను.

మైకు కూడా ఇచ్చారు. ఎర్రకోటు వేసుకుని, "జాస్పర్ బొగ్గుగనుల్లో పెరిగినవాణ్ణి, చీకటంటే నాకు భయం లేదు" అంటాను. మొన్న సగం అనేసరికి మిగతా సగం హాలంతా అరిచింది. నేను గనిలోకి దిగింది ఒక్కరోజేనని నీకు తెలుసు. ఆ సంగతి వాళ్ళకి తెలియదు.

బక్ ల్యాసిటర్ తన ఆఫీసుకి పిలిచాడు. ఇక్కడ ఎవరు గెలవాలో, ఎవరు ఓడాలో ఆయనొక్కడే నిర్ణయిస్తాడు. ఆటకి ముందు చెవిలో చెబుతాడు, కాగితం మీద పెట్టడు. "జూలైలో బారన్ దగ్గర చాంపియన్ బెల్టు తీసుకునేది నువ్వే" అన్నాడు. బారన్ ఓటో క్రీగర్ ఇక్కడి చాంపియన్, ప్రజలు ఉమ్మేసే జర్మన్ విలన్. అసలు పేరు మెల్విన్, ఊరు టొలీడో. రింగులో నా చెయ్యి మెలిపెడుతూ, "నొప్పిగా ఉందా, తగ్గించనా?" అని అడిగే మనిషి.

నేను బెల్టు గెలిచే రోజు అమ్మని తీసుకురావాలి. ఆవిడకి ఇదంతా ముందే అనుకుని ఆడేదని తెలియదు. తెలియనివ్వను కూడా. నువ్వు నేర్పిన మొదటి పాఠం అదే కదా.

నీ మేనల్లుడు,
లొవెల్


జాస్పర్, అలబామా
ఏప్రిల్ 17, 1976

ఒరేయ్ లొవెల్,

నా తుంటి గురించి మీ అమ్మ చెప్పేది నమ్మకు. పాటలు పాడే అమ్మాయి గొంతు దగ్గరగా వినలేక కింద కూర్చుంటున్నాను.

నువ్వు పంపిన పోస్టరుని మా ఓపల్ తీసుకెళ్ళి చర్చి భోజనాల గదిలో అంటించింది. బిస్కట్ల బల్లకి ఎదురుగా ఉంది నీ మొహం. నిన్న నన్ను నిలదీసింది: "అన్నయ్యా, ఆ జర్మన్ వాడు నిజంగా అంత దుర్మార్గుడా?" "ఇంకా ఎక్కువే" అన్నాను. ప్రార్థనలో కొడుకు పేరు తర్వాత వాడి పేరు చేర్చింది, వాడి మనసు మారాలని. మెల్విన్‌కి చెప్పు, సంతోషిస్తాడు.

మెల్విన్ మంచివాడే కావచ్చు. అయినా వాడితో ఒక బల్ల దగ్గర కూర్చోకు, ఒక కారులో ఎక్కకు. పెట్రోలు బంకులో ఇద్దర్నీ కలిపి ఒక్కడు చూస్తే చాలు, హాలు ఖాళీ. నేను ముప్పై ఏళ్ళు ఈ వృత్తిలో ఉన్నాను. మా నాన్న చనిపోయేదాకా నా ముక్కు నిజంగా ఓక్లహోమా రాక్షసుడు అనే కుస్తీవాడే విరగ్గొట్టాడనుకున్నాడు. అది కారు తలుపు తగిలి విరిగింది.

బక్ ల్యాసిటర్, నేను ఆరేళ్ళు ఒకే కారులో తిరిగాం. మాటిస్తే మాటే. చెప్పింది చెప్పినట్టు చెయ్. అడక్కు. జూలై అన్నాడంటే జూలై.

మామయ్య
ఆర్విల్ స్టెగాల్


ఓవెన్స్‌బరో
మే 16, 1976

మామయ్యా,

ఒక సంగతి అడగాలి. వెంటనే జవాబు రాయి.

బక్ నా కాలు విరగ్గొట్టాలంటున్నాడు. ఉత్తుత్తినే. ఈ నెల 29న టీవీలో మెల్విన్ నా ఎడమ కాలి మీదికి కుర్చీతో దూకుతాడు. అంబులెన్సు వస్తుంది. డాక్టరు ఒకాయన, బక్ బావమరిది, తొడ దాకా సిమెంటు కట్టు వేస్తాడు. నేను ఆరు వారాలు చంకకర్రల మీద తిరగాలి. జూలైలో కట్టు తీసేసి పగ తీర్చుకోవడానికి తిరిగొస్తాను, బెల్టు నాది. "నువ్వు రోజూ కనిపిస్తుంటే జనానికి మొహం మొత్తుతుందిరా. కనిపించకుండా ఏడిపించాలి" అన్నాడు బక్.

వినడానికి బాగానే ఉంది. కానీ మొన్న డానీ రే అని కొత్తవాడొచ్చాడు. కాలేజీలో ఫుట్‌బాల్ ఆడాడట. పళ్ళు చాలా తెల్లగా ఉన్నాయి. బక్ కూతుర్ని పోయినేడు పెళ్ళి చేసుకున్నాడు. "నువ్వు వచ్చేదాకా నీ చోటు చల్లారకుండా చూస్తాడు" అన్నాడు బక్. బిగ్ ఏమస్ ఆ మాట విని నవ్వి, బూట్ల లేసులు కట్టుకోవడానికి వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు.

ఇది మంచిదా, చెడ్డదా? అమ్మకి ఏం చెప్పాలి?

లొవెల్


జాస్పర్
మే 21, 1976

లొవెల్,

మంచిదే. ఇంత తెలియదా నీకు? వదిలించుకోవాలనుకున్నవాడి కాలు ఎవడూ విరగ్గొట్టడు. వాణ్ణి మొదటి ఆటలో ఓడించి, పేరు పోస్టరు అడుక్కి దించి, బస్సెక్కిస్తారు. కాలు విరగ్గొట్టారంటే నీకోసం జనం ఎదురుచూడాలని. ఏమస్‌కి ఎప్పుడూ ఎవరూ కాలు విరగ్గొట్టలేదు, అందుకే ఆ ఏడుపు.

కట్టుకి నియమాలున్నాయి. గదిలో ఒక్కడివే ఉన్నా తీయకు. రంపంతో కోసుకుని రాత్రిపూట మళ్ళీ తొడుక్కునే వెధవలున్నారు, వాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు దొరికిపోతారు. ఏ కాలు అన్నది మర్చిపోకు. నవ్వకు, నవ్వుతూ మర్చిపోయి మెట్లు దిగినవాళ్ళని చూశాను. దురద పుడితే స్వెటర్లు అల్లే సూది వాడు.

ఓపల్‌కి నేను చెబుతాను, విరిగిందని. ఏడుస్తుంది. ఈ వృత్తిలో ఉన్నవాడి అమ్మ ఏడవక తప్పదు. మా అమ్మ ఏడ్చింది. "అమ్మకి ఏం చెప్పాలి" అని ఇంకోసారి నన్ను అడక్కు. ఆ గుట్టు బతికున్నంతకాలమే మన అందరికీ తిండి.

బక్ మాటిచ్చాడు కదా. ఇంకేం?

ఆర్విల్


ఓవెన్స్‌బరో
జూలై 11, 1976

మామయ్యా,

జూలై వచ్చింది. కట్టు తీయలేదు.

అంతా వరసగా చెబుతాను. మొదటి రెండు వారాలు టీవీలో నా కాలి గురించే మాట్లాడారు. అంబులెన్సు బొమ్మ మళ్ళీ మళ్ళీ వేశారు. పిల్లలు కార్డులు పంపారు. మూడో వారం నా పేరు ఒక్కసారి వచ్చింది. నాలుగో వారం రాలేదు. ఐదో వారం డానీ రే ఎర్రకోటు వేసుకుని వచ్చాడు. నా కోటు కాదు, దానికన్నా కొత్తది. మైకు అందుకుని, "లొవెల్ తరపున నేను వచ్చాను" అన్నాడు. నిన్న నా పేరు కూడా తీసేసి, "చీకటంటే నాకు భయం లేదు" అన్నాడు. వాడిది ఫ్లోరిడా మామయ్యా. వాళ్ళ నాన్నకి పడవల కొట్టుంది.

హాలు అరిచింది. నాకోసం అరిచిన గొంతులే.

బక్ దగ్గరికి వెళ్ళాను. చంకకర్రల మీద వెళ్ళాలి కాబట్టి మూడు వీధులు దాటడానికి పావుగంట పట్టింది. ఎండ ఎలా ఉందంటే కట్టు లోపల కాలు ఉడికిపోతోంది. "బక్, జూలై అన్నావు" అన్నాను. "ఎముక అతకలేదురా" అన్నాడు. గదిలో మేమిద్దరమే ఉన్నాం. నా మొహంలోకి చూస్తూనే అన్నాడు. "ఏ ఎముక బక్?" అన్నాను. "డాక్టరు చెప్పాడు. ఆగస్టు చూద్దాం" అన్నాడు. ఈలోగా కట్టు తీసి వీధిలో కనిపించానంటే ఇటు ఓహాయో నుంచి అటు జార్జియా దాకా నాకు ఆట దొరక్కుండా చేస్తానన్నాడు, నవ్వుతూనే.

నా పరిస్థితి చూడు. కట్టు ఉంటే ఆడలేను. తీస్తే నన్నెవరూ ఆడనివ్వరు. అది వెయ్యకపోయినా బావుండేది, కనీసం ఓడిపోతూ కనిపించేవాణ్ణి. ఇది కాలు కోసం వేసింది కాదు, మామయ్యా, నన్ను గదిలో కట్టేసింది.

నేనుండేది ఇనపసామాన్ల కొట్టు మీది గది కదా. పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడలేను. మెల్విన్ రెండు రోజులకోసారి వెనక మెట్ల మీంచి వచ్చి వండిపెట్టి పోతున్నాడు. అరవకు. టోపీ కిందికి లాక్కుని వస్తాడు. నేను తిన్నానా లేదా అని అడిగినవాడు ఈ ఊళ్ళో వాడొక్కడే.

నీ బక్ అబద్ధాలకోరు.

లొవెల్


జాస్పర్
జూలై 19, 1976

లొవెల్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఎక్కువ కోపం వచ్చింది.

ఏడు నెలలైనా కాలేదు నువ్వు వెళ్ళి. పేరు పైకి ఎక్కగానే కళ్ళు నెత్తికెక్కాయి. నేను పేరు పైకి రావడానికి తొమ్మిదేళ్ళు చూశాను. ఆగస్టు అన్నాడంటే ఏదో కారణం ఉంటుంది. హాలు దొరకలేదేమో. అల్లుడికి రెండు వారాలు వెలుగు చూపించకపోతే కూతురు ఊరుకోదేమో. అదంతా నీకెందుకు? ఇంట్లో కూర్చోబెట్టి పేరు నిలబెడుతుంటే కట్టేశారంటావా?

ఇక ఆ మెల్విన్ సంగతి. కాలు విరగ్గొట్టినవాడు నీ ఇంట్లో వంట చేస్తున్నాడా? మీ ఇద్దరికీ మతి ఉందా? కింద కొట్టు, పైన నువ్వు, మేకుల కోసం వచ్చే ప్రతి రైతుకీ మెట్లు కనిపిస్తాయి. ఈ క్షణం నుంచి ఆపు.

ఇంకొకటి. ఈ ఉత్తరం మొదలుపెట్టాక పక్కింటావిడ వచ్చి చెప్పింది, ఓపల్ పొద్దున్నే బస్సెక్కిందట. నాకు చెబితే ఆపుతానని చెప్పలేదు. దిండు, కేకు డబ్బా పట్టుకుని వెళ్ళిందట నీకు సేవ చెయ్యడానికి. కొట్టువాడికి ఫోను చేశాను, ఎత్తడం లేదు. ఈ ఉత్తరం కన్నా ఆవిడే ముందు చేరుతుంది. చంకకర్రలు వదలకు. దేవుడా, మెల్విన్‌ని రానివ్వకు.

ఆర్విల్


ఓవెన్స్‌బరో
జూలై 28, 1976

మామయ్యా,

నీ ఉత్తరం గురువారం వచ్చింది. అమ్మ మంగళవారమే వచ్చింది.

నేను మంచం మీదున్నాను. మెల్విన్ నడుముకి తుండు చుట్టుకుని పొయ్యి దగ్గర నిలబడి, "గుడ్లు గట్టిగా కావాలా, మెత్తగానా?" అని అడుగుతున్నాడు. తలుపు తెరుచుకుంది. చేతిలో దిండు, కేకు డబ్బాతో అమ్మ.

ఆవిడ వాణ్ణి చర్చి గోడ మీద పోస్టరులో రోజూ చూస్తోంది కదా. వెంటనే గుర్తుపట్టింది. "నువ్వా!" అంది.

మెల్విన్‌కి ఆ క్షణంలో నిజం చెప్పే దారి ఉంది. నేనూ చెప్పేసేవాణ్ణే. కానీ వాడు ఇరవై ఏళ్ళుగా ఈ వృత్తిలో ఉన్నవాడు. చేతిలో గరిటె పట్టుకునే ఛాతీ విరుచుకుని, టీవీలో మాట్లాడే ఆ గొంతుతో, "అవును, నేనే! రెండో కాలు కూడా విరగ్గొట్టడానికి వచ్చాను!" అన్నాడు.

మామయ్యా, అమ్మ కేకు డబ్బాతో కొట్టింది. రేకు డబ్బా, అంచు ముక్కు మీద తగిలింది. వాడు గుర్రుమన్నాడు, ఎదురు దెబ్బ వేస్తున్నట్టు చెయ్యెత్తాడు, తగలకుండా జాగ్రత్తగా వెనక్కి నడిచాడు. అమ్మ పొయ్యి మీది ఇనప పెనం అందుకుంది. వాడు మెట్లు దిగాడు. ఆవిడ వెనకే దిగింది. వీధిలో పడి పరిగెడుతూ కూడా బూతులు జర్మన్ యాసలోనే తిట్టాడు. కొట్లో ఉన్నవాళ్ళంతా బయటికొచ్చి చూశారు. ఒకాయన అమ్మకి గడ్డపలుగు అందించబోయాడు.

పైకొచ్చాక ఆయాసం తీర్చుకుని, బల్ల చూసింది. "రెండు పళ్ళేలెందుకురా?"

"వాడు... తినబోయాడమ్మా."

"నా కొడుకు ఇంట్లో దూరి, కాలు విరగ్గొట్టే ముందు గుడ్లు వేయించుకు తింటాడా! ఎంత పొగరు!" అని ఆ గుడ్లు నాకు పెట్టింది. తిన్నాను.

మర్నాడు ఊరి పేపర్లో మొదటి పేజీలో అమ్మ ఫొటో, చేతిలో పెనం. శనివారం టీవీ స్టూడియో బయట జనం నా పేరు రాసిన అట్టలు పట్టుకుని నిలబడ్డారు. డానీ రే ఎర్రకోటుతో వస్తే "లొవెల్ ఏడీ?" అని అరిచారట. రెండు నెలలు నన్ను చల్లార్చిన బక్, ఆ మధ్యాహ్నమే పూలగుత్తితో నా గదికి వచ్చాడు. అమ్మ చెయ్యి పట్టుకుని ముద్దుపెట్టుకున్నాడు. "మీ అబ్బాయి ఎముక అతికిందమ్మా, డాక్టరు నిన్ననే చెప్పాడు" అన్నాడు. అమ్మ ఏడ్చింది. ప్రార్థన ఫలించిందంది. అది చూస్తూ నేను కూర్చోవాల్సి వచ్చింది.

సోమవారం కట్టు కోశారు. కాలు చూసి డాక్టరే వెనక్కి జరిగాడు. ఎనిమిది వారాలకి పైగా కదలని కాలు. తొడ సన్నబడిపోయి, తెల్లగా, పక్కింటి పిల్లాడి కాలు తెచ్చి తగిలించినట్టుంది. నిలబడితే మోకాలు వణుకుతోంది. విరగని కాలు ఇప్పుడు నిజంగా పనికిరాకుండా పోయింది.

బక్ దాన్ని చూసి ఏమన్నాడో తెలుసా? "బావుంది, జనం నమ్ముతారు" అన్నాడు.

ఆగస్టు 14న హాల్లో నాకూ బారన్‌కీ ఆట. టికెట్లు అప్పుడే అయిపోయాయి. ఎలా ముగియాలో కూడా చెప్పాడు. బారన్ నన్ను చావగొడతాడు. నేను లేవలేను. డానీ రే పరిగెత్తుకొచ్చి, బారన్‌ని తరిమి, నన్ను చేతుల మీద ఎత్తుకుని బయటికి మోసుకుపోతాడు. పై వారం బెల్టు వాడిది. అంటే అమ్మ పెనంతో రగిల్చిన మంట మీద వాడు చలి కాచుకుంటాడు. అమ్మ మొదటి వరసలో కూర్చుని, వాడు నన్ను పసివాడిలా మోసుకెళ్ళడం చూడాలి.

ఇప్పుడు చెప్పు, బక్ మాటిస్తే మాటేనా?

లొవెల్


జాస్పర్
ఆగస్టు 4, 1976

లొవెల్,

బక్‌కి ఫోను చేశాను. ఆరేళ్ళు కలిసి తిరిగామని గుర్తుచేశాను. జూలై మాట ఏమైందని అడిగాను. "ఆర్విల్, అది వ్యాపారం. నువ్వు ఇంకా పాతకాలంలో ఉన్నావు" అన్నాడు. పాతకాలంలో ఒక హోటల్ గదిలో వాడికి జ్వరం వస్తే నేను మూడు ఊళ్ళ ఆటలు వదులుకున్నాను. అది చెప్పలేదు. చెబితే అదీ వ్యాపారమే అంటాడు.

బక్ విషయంలో నా లెక్క తప్పింది. నీకు చెప్పినవన్నీ, నేనెరిగిన బక్ ఇంకా ఉన్నాడనుకుని చెప్పాను.

అయినా విను. ఆట ఆడు. చెప్పినట్టే పడుకో. వాడు దొంగ అయినంత మాత్రాన మనం ఒప్పుకున్న పని చెడగొట్టకూడదు. ఒక చోటు వదిలిపోయేవాడు ఓడిపోయి పోవాలి, అది ఎప్పటినుంచో ఉన్న మర్యాద. రింగులో ఎదురు తిరిగినవాడితో ఇంకెవరూ ఆడరు. పడుకుని, లేచి, అమ్మని తీసుకుని వచ్చెయ్.

నాకు ఇది రాయాలని లేదు.

ఆర్విల్


ఓవెన్స్‌బరో
ఆగస్టు 23, 1976

మామయ్యకు,

నువ్వు పడుకోమన్నావు. బక్ పడుకోమన్నాడు. చివరికి మీరిద్దరూ ఒకటే మాట చెప్పారు కదా అని నీ ఉత్తరం చించేశాను. తర్వాత పడుకోవడానికే వెళ్ళాను. అది ముందు చెప్పాలి. నేనేమీ వీరుణ్ణి కాదు.

పొట్టి నిక్కరుతో రింగులోకి వెళ్ళాను. అరుపులతో హాలు అదురుతోంది. కోటు తీశాను. ఒక కాలు మామూలుగా, ఒక కాలు కర్రపుల్లలా. ముందు వరసల్లో అరుపు ఆగింది. ఆ నిశ్శబ్దం వెనక్కి, గోడల దాకా పాకింది. ఎవరో ఒకావిడ "అయ్యో నాయనా" అంది. అమ్మ కాదు, అమ్మ పళ్ళు బిగించి కూర్చుంది.

మెల్విన్ ముక్కు మీద ప్లాస్టరుతో ఉన్నాడు. ఆ కాలు చూసి, విలన్‌లా నవ్వడం మర్చిపోయాడు. ఐదు నిమిషాలు నన్ను కొట్టాడు. ఒక్కసారి కూడా ఆ కాలు ముట్టుకోలేదు. అలా అని మోకాలు నన్ను వదల్లేదు, రెండుసార్లు దానంతటదే మడతపడింది. తర్వాత నా తల చంకలో బిగించి, చెవిలో మాట్లాడాడు.

"పొద్దున బక్ నాకూ చెప్పాడు. వచ్చేవారం బెల్టు అల్లుడికిచ్చి మిన్నెసోటాకి పొమ్మన్నాడు. మూడేళ్ళు ఈ హాలు నింపాను."

"ఏం చేద్దాం?" అన్నాను.

"నా బెల్టు ఎటూ పోయేదే. ఎవరి చేతికి పోవాలో నేను చూస్తాను. నన్నెత్తగలవా?"

"ఈ కాలితోనా? లేను."

"సరే, నేనే ఎగురుతాను. నువ్వు మీద పడు. కొట్టించుకోవడం మీ అమ్మ నాకు బాగానే నేర్పింది."

నన్ను రింగు తాళ్ళ మీదికి విసిరాడు. తిరిగొచ్చాను. నా భుజం వాడికి తగిలీ తగలకముందే గాల్లోకి లేచి, వీపు మీద పడ్డాడు. నేను మీద పడ్డాను. రెఫరీ హోరెస్‌కి ఏం చెయ్యాలో తెలియలేదు. ఒకటి కొట్టాడు, రెండు కొట్టాడు, చెయ్యి పైనే ఆపి తలుపు వైపు చూశాడు, డానీ రే రావాలి కదా అని. కింద పడుకున్న మెల్విన్ కళ్ళు మూసుకునే, "కొట్టు హోరెస్. నేను లేస్తే నీకు మంచిది కాదు" అన్నాడు.

హోరెస్ మూడు కొట్టాడు.

ఆ అరుపు ఎలా రాయాలో నాకు తెలియదు. పైకప్పు రేకులు మోగాయి. అప్పుడు వచ్చాడు డానీ రే, ఎర్రకోటు, తెల్లపళ్ళు. రింగు అంచు మీదికి ఎగిరి నిలబడ్డాడు. రక్షించడానికి ఎవరూ లేరు. అటూ ఇటూ చూసి, మెల్లిగా దిగి వెళ్ళిపోయాడు. హోరెస్ బెల్టు నా చేతికిచ్చాడు. అమ్మ కుర్చీ ఎక్కి నిలబడి, "వాడు నా కొడుకు!" అని పక్కవాళ్ళని కొడుతోంది.

బెల్టు నా దగ్గర ఉన్నది రింగు నుంచి గది దాకా. గదిలో బక్ లాక్కున్నాడు. "ఈ హాల్లో జరిగింది ఈ హాలు దాటదు" అన్నాడు. నన్నూ మెల్విన్‌నీ అక్కడే తీసేశాడు.

మర్నాడు పేపర్లో ఏముందో చూడు: "గాయపడిన లొవెల్‌ను కాపాడిన డానీ రే. ఆట తేలలేదు." పేపరువాళ్ళు హాలుకి రారు, బక్ ఆఫీసు ఫోనులో చెప్పింది రాసుకుంటారు. శనివారం టీవీలో బెల్టు డానీ రే నడుముకి ఉంది. బారన్ జర్మనీ పారిపోయాడట. నా పేరు ఎవరూ అనలేదు. మూడు జిల్లాల జనానికి నేను గెలవనేలేదు.

అమ్మ మాత్రం వదల్లేదు. పోయిన సోమవారం పేపరు ఆఫీసుకి వెళ్ళింది. "తప్పు రాశారు, దిద్దండి" అంది. "అమ్మా, ఫలితాలు వాళ్ళే చెబుతారు" అన్నాడు అక్కడి గుమాస్తా. "వాళ్ళు చెప్పేదేంటి, నేను చూశానయ్యా!" అంది. మంగళవారం మళ్ళీ వెళ్ళింది. బుధవారం హాల్లో తన పక్కన కూర్చున్నావిడని తీసుకెళ్ళింది. ఇవాళ నలుగురు వెళ్ళారు. మీ చెల్లెలు నీకు తెలుసు కదా.

నాకు కోపం బక్ మీద ఉంది, నీ మీద ఉంది, ఈ కాలు మీద ఉంది. అన్నిటికన్నా, ఆవిడ అలా ఆ గుమాస్తా ముందు నిలబడటం భరించలేకపోతున్నాను. ఇదంతా ముందే అనుకుని ఆడేదని ఆవిడకి చెప్పెయ్యనా? చెబితే ఆవిడ చూసిన గెలుపు కూడా పోతుంది. అది మాత్రం ఎవరూ ముందే అనుకున్నది కాదు. ఏం చెయ్యమంటావు? ఈసారి నిజంగా అడుగుతున్నాను.

లొవెల్


జాస్పర్
ఆగస్టు 30, 1976

లొవెల్‌కు,

చెప్పకు.

నువ్వు పడుకోకపోవడం గురించి నేనేమీ అనను. అనడానికి నాకు మొహం లేదు. మెల్విన్‌కి ఆట కావాలంటే టెన్నెసీలో ఒకతను ఉన్నాడు, నా పేరు చెప్పమను. నువ్వు ఇంటికి రా. కాలికి ముందు ఇసుక మూటలతో మొదలుపెడదాం. నువ్వు అనుకున్నంత త్వరగా బాగుపడదు, నేననుకున్నంత ఆలస్యమూ కాదు. తర్వాత సంగతి తర్వాత.

నిన్న సాయంత్రం బక్ ఫోను చేశాడు. గొంతు తేడాగా ఉంది. పేపరు ఆఫీసు ముందు ఇప్పుడు పదిహేనుమంది ఆడవాళ్ళు ఉంటున్నారట. ఆ గుమాస్తా విసిగిపోయి, అసలు ఏం జరిగిందో రాస్తానంటున్నాడట.

"ఆర్విల్, మీ చెల్లెలికి నిజం చెప్పు" అన్నాడు.

"ఏం నిజం?" అన్నాను.

"నాటకాలాడకు. ఇదంతా మనం నిర్ణయించేదేనని చెప్పు. అప్పుడు ఊరుకుంటుంది."

ముప్పై ఏళ్ళలో ఆ మాట కుస్తీ నడిపే ఏ ప్రమోటరు నోటా వినలేదు. టెక్సస్‌లో ఒకడు తాగి ఆ మాట అన్నందుకు ఇదే బక్ వాడి పన్ను ఊడగొట్టాడు. నేను పక్కనే ఉన్నాను.

"బక్, నాకు అర్థం కావడం లేదు" అన్నాను. "మా మేనల్లుడు విరిగిన కాలితో వచ్చి మీ చాంపియన్‌ని పడగొట్టాడు. రెఫరీ మూడు లెక్కపెట్టాడు. హాలంతా చూసింది. ఇందులో నిర్ణయించేది ఏముంది?"

"ఆర్విల్!"

"కుస్తీ అబద్ధమంటున్నావా బక్? నువ్వా? నా ముక్కు ఓక్లహోమా రాక్షసుడు విరగ్గొట్టాడు. అందరికీ తెలుసు."

బక్ బూతు తిట్టాడు. నేను పెట్టేశాను. వెంటనే మళ్ళీ మోగింది. కాఫీ కలుపుకుంటూ, అది మోగినంతసేపూ మోగనిచ్చాను.

మామయ్య
ఆర్విల్